పడసాలే కార్యాలయం.. పద్దు పుస్తకమే పెట్టుబడి

ఇంటి నుంచే చిరు వ్యాపారం నడిపేవారు తెలుసుకోవలసిన మెలకువలు
స్థలం, వెలుతురు, లెక్కలు, కాగితాలు.. నాలుగూ కుదిరితేనే నాలుగు కాసులు

కర్నూలు, కడప: ఎమ్మిగనూరు, గుడేకల్లు, కోడుమూరు నేత వీధుల్లో తెల్లవారక ముందే మగ్గం చప్పుడు మొదలవుతుంది. సిద్దవటం మండలం మాధవరంలోను, జమ్మలమడుగు పరిసర గ్రామాల్లోను అదే తీరు. ఇంట్లోకి అడుగుపెట్టగానే మగ్గం గుంత, దాని పక్కనే కండెలు చుట్టే రాట్నం, ఆ వెనుక వంటిల్లు కనిపిస్తాయి. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ విధించినప్పుడు ‘ఇంటి నుంచి పని’ అన్న మాట పట్టణాల్లో కొత్తగా వినిపించింది. ఈ వీధులకు మాత్రం అది తాతముత్తాతల నాటి సంగతే. ఇల్లు వేరు, పనిచోటు వేరు అన్న భేదం ఇక్కడ ఎన్నడూ లేదు.

అయితే ఒక సంగతి గమనించదగినది. మగ్గం ఇంట్లో ఉన్నా, కార్యాలయం మాత్రం ఇంట్లో ఉండేది కాదు. నూలు ఎంత ఇచ్చారు, చీరలు ఎన్ని తీసుకున్నారు, కూలి ఎంత జమ కట్టారు, బాకీ ఎంత మిగిలింది అన్న లెక్క షావుకారు ఆవర్జాలోనో, సహకార సంఘం దస్త్రాల్లోనో ఉండేది. పద్మశ్రీ మాచాని సోమప్ప చొరవతో 1938లో ఎమ్మిగనూరులో ఏర్పడిన చేనేత సహకార సంఘం ఈ ప్రాంత నేతన్నలకు నూలు సమకూర్చి, నేసిన బట్టను విక్రయించే బాధ్యతను చేపట్టింది. సంఘం లెక్క చూసినంత కాలం నేతన్న చేయి మగ్గం మీదే ఉండేది. నేడు పరిస్థితి మారింది. చీర ఫొటోను సెల్‌ఫోనులో పంపి నేరుగా కొనుగోలుదారునికి అమ్ముకునే కుటుంబాలు పెరిగాయి. ప్రొద్దుటూరులో ఇంట్లోనే జాకెట్లు కుట్టే మహిళలు, నంద్యాలలో పచ్చళ్లు, పొడులు తయారుచేసే డ్వాక్రా సభ్యులు, ఆదోనిలో ఇంటి ముందు గదిలో కంప్యూటర్ పెట్టుకుని దరఖాస్తులు నింపే యువకులు ఇదే కోవకు చెందినవారు. వీరందరికీ సరుకు తయారుచేయడం తెలుసు. లెక్క, ఉత్తరం, రశీదు, పన్ను, బ్యాంకు అనే మిగిలిన సగం పని మాత్రం కొత్తగా నెత్తిన పడింది. ఆ సగం పనికి ఇంట్లో ఒక చోటు కల్పించుకోవడమే ఇంటి కార్యాలయం. దానికి ప్రత్యేక భవనం అవసరం లేదు. పడసాలలో ఒక మూల, ఒక బల్ల, ఒక బీరువా, ఒక నియమం ఉంటే చాలు.

చోటు ఎంపికే మొదటి మెట్టు

ఇంట్లో ఖాళీగా ఉన్న చోటును కార్యాలయంగా మార్చడం సాధారణంగా జరిగే పొరపాటు. ఖాళీగా ఉన్న చోటు చాలాసార్లు వెలుతురు లేని కొట్టుగదే అవుతుంది. అక్కడ నాలుగు రోజులు కూర్చున్నాక కాగితాలు మళ్లీ మంచం మీదికి చేరుతాయి. చోటు ఎంచుకునే ముందు మూడు విషయాలు చూసుకోవాలి. పగటి వెలుతురు పడాలి. వంటింటి పొగ, మగ్గం నూగు, నీటి తడి తగలకూడదు. వచ్చిన ఖాతాదారు ఇంటి లోపలి గదుల గుండా నడవకుండా అక్కడికి చేరుకోగలగాలి. ఈ మూడింటికీ అనువైనది వీధి వాకిలికి ఆనుకుని ఉండే పడసాల. మన పెద్దలు వచ్చినవారిని కూర్చోబెట్టి బేరం మాట్లాడింది, ధాన్యం లెక్క చూసుకున్నది అక్కడే.

బల్లను కిటికీకి ఎదురుగా కాక పక్కగా వేసుకోవాలి. ఎదురు వెలుగు కళ్లలో పడుతుంది. వెనుక వెలుగు కంప్యూటర్ తెరపై మెరుస్తుంది. కుడిచేతితో రాసేవారికి ఎడమవైపు నుంచి వెలుతురు వస్తే చేతి నీడ కాగితం మీద పడదు. ఉత్తరపు కిటికీ దొరికితే మరీ మేలు. రోజంతా ఎండ పొడ లేకుండా సమానమైన వెలుతురు వస్తుంది. పాత మట్టిమిద్దెల్లో పైకప్పుకు ఉండే గవాక్షాన్ని మూసివేసి ఉంటే దానిని తెరిచి అద్దం బిగించుకోవచ్చు. పగటిపూట దీపం ఖర్చు తప్పుతుంది.

కడప బండే బల్ల

మేజా కొనడానికి వేలు వెచ్చించనక్కరలేదు. దేశమంతటా వంటింటి గట్లకు, అరలకు వాడే కడప నల్లబండ ఈ నేల సరుకే. బేతంచెర్ల ప్రాంతపు నాపరాళ్లు సైతం అందుబాటులో ఉంటాయి. నాలుగు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పు ఉన్న బండను రెండు ఇటుక దిమ్మెలపై అమర్చితే తరాలు నిలిచే బల్ల అవుతుంది. చెద పట్టదు, తడికి ఉబ్బదు. అంగుళం మందం ఉన్న ఆ కొలత బండ రమారమి 50 కిలోల బరువు తూగుతుంది. కనుక గోడకు ఇనుప కమ్ములు బిగించి దాని మీద వేలాడదీయడం క్షేమం కాదు. కింద దిమ్మెలు తప్పనిసరి.

బల్ల ఎత్తు నేల నుంచి రెండున్నర అడుగులకు మించకూడదు. కుర్చీలో కూర్చున్నప్పుడు పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి. మోచేతులు బల్ల ఎత్తుకు సరిగా రావాలి. కంప్యూటర్ తెర పైఅంచు కంటి ఎత్తులో, చేయి చాచినంత దూరంలో ఉండాలి. ల్యాప్‌టాప్ అయితే కింద రెండు లావుపాటి పుస్తకాలు పెట్టి, విడిగా కీబోర్డు తగిలించుకుంటే మెడ వంచే బాధ తప్పుతుంది. పగలంతా గుంత మగ్గంలో కాళ్లు దించి, నడుము వంచి పనిచేసిన మనిషి రాత్రి లెక్కలకూ అలాగే వంగితే ఆ నడుము ఎంతో కాలం నిలవదు. ఇరవై నిమిషాలకు ఒకసారి తల ఎత్తి, ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్ల పాటు చూస్తే కంటి అలసట తగ్గుతుంది. సన్నని పోగులు అతికేవారికి, సూదిలో దారం ఎక్కించేవారికి ఈ అలవాటు మరింత అవసరం.

ఎండను బట్టి పని వేళలు

వేసవిలో కర్నూలు, నంద్యాల, కడపలలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఏటా చూసేదే. చాలా ల్యాప్‌టాప్ తయారీ సంస్థలు తమ యంత్రాలు 35 డిగ్రీల వరకు ఉన్న గదిలో పనిచేయడానికి ఉద్దేశించినవని పేర్కొంటాయి. రేకుల షెడ్డులో మధ్యాహ్నం రెండు గంటలకు కంప్యూటర్ మొరాయిస్తే తప్పు యంత్రానిది కాదు. కాబట్టి కంప్యూటర్ పని, లెక్కలు, ఉత్తరాలు ఉదయం ఆరు నుంచి పది లోపు ముగించుకోవడం ఉత్తమం. మధ్యాహ్నం ప్యాకింగ్ వంటి చేతి పనులు పెట్టుకుని, సాయంత్రం చల్లబడ్డాక ఖాతాదారులతో మాట్లాడవచ్చు.

మిద్దెపై వేసవికి ముందే తెల్ల సున్నం పూయడం, పడమటి కిటికీకి వట్టివేళ్ల తడక కట్టడం పాత పద్ధతులే అయినా నేటికీ పనికివచ్చేవే. నీళ్ల కూలర్ వాడేవారు దానిని కాగితాలకు, నూలుకు, కంప్యూటర్‌కు దూరంగా ఉంచాలి. దాని తేమకు కాగితం మెత్తబడుతుంది, రంగు నూలు మరకలు దిగుతుంది, పొడులు గడ్డకడతాయి.

కరెంటుతో జాగ్రత్త

ఇంటి కార్యాలయానికి అయ్యే విద్యుత్తు భయపడేంత కాదు. ఒక ల్యాప్‌టాప్‌కు 50 వాట్లు, ఎల్‌ఈడీ ట్యూబుకు 20 వాట్లు, తక్కువ విద్యుత్తుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు వేసుకుంటే మొత్తం 100 వాట్లు. రోజుకు ఎనిమిది గంటలు వాడితే 0.8 యూనిట్, నెలకు 24 యూనిట్లు. పాత ఫ్యాను ఒక్కటే 75 వాట్ల వరకు తీసుకుంటుంది. ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్తు పార్కు వెలసిన ప్రాంతమిది. ఇంటి కప్పుకూ అదే ఎండ అందుతుంది. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం గృహ కనెక్షన్లకు కిలోవాట్‌కు 30 వేల రూపాయల చొప్పున రెండు కిలోవాట్ల వరకు, మూడు కిలోవాట్లకు గరిష్ఠంగా 78 వేల రూపాయల రాయితీని నిర్దేశించింది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. గృహ అవసరాలకు తీసుకున్న కనెక్షన్‌ను వ్యాపారానికి వాడితే విద్యుత్ చట్టం-2003లోని 126వ సెక్షన్ ప్రకారం అది అనధికార వినియోగం కిందకు వస్తుంది. తనిఖీలో బయటపడితే వర్తించే ధరకు రెట్టింపు లెక్కకట్టి వసూలు చేసే వీలుంది. కుట్టు మోటార్లు, గ్రైండర్లు, ప్యాకింగ్ యంత్రాలు పెట్టేవారు ముందుగానే స్థానిక విద్యుత్తు కార్యాలయంలో ఏ కేటగిరీ వర్తిస్తుందో అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. వేరు మీటరు తీసుకుంటే మరో లాభమూ ఉంది. వ్యాపారానికి ఎంత కరెంటు కాలుతోందో ప్రతి నెలా కళ్లెదుట ఉంటుంది.

చిట్టా రాయనిదే లాభం తెలియదు

ఇంటి నుంచి వ్యాపారం చేసేవారిలో ఎక్కువమంది తమకు లాభం వస్తోందని భావిస్తారు. ఎంత వస్తోందని అడిగితే చెప్పలేరు. ఇంటి ఖర్చు, వ్యాపారం ఖర్చు ఒకే జేబులో కలిసిపోవడమే ఇందుకు కారణం. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక మహిళ నెలకు వంద జాకెట్లు, ఒక్కొక్కటి 150 రూపాయల కూలికి కుడుతుందనుకుందాం. రాబడి 15 వేల రూపాయలు. దారం, హుక్కులు, లైనింగ్‌కు జాకెట్టుకు 20 రూపాయల చొప్పున రెండు వేలు పోతాయి. మిగిలింది 13 వేలని ఆమె లెక్క. అయితే కరెంటుకు 300, ఫోనుకు 300, మిషన్ మరమ్మతు, అరుగుదలకు 400, ఆ గదిని బయటివారికి అద్దెకిస్తే వచ్చే వెయ్యి రూపాయలు కూడా ఖర్చే. అవన్నీ తీసివేస్తే మిగిలేది 11 వేలు. నెలకు 26 రోజులు, రోజుకు ఎనిమిది గంటల పని అనుకుంటే గంటకు దక్కింది దాదాపు 53 రూపాయలు. కూలి పెంచాలా, వద్దా అన్నది ఈ 53 చూసి నిర్ణయించాలి తప్ప పక్క వీధిలో ఎంత తీసుకుంటున్నారో చూసి కాదు.

ఇందుకు మూడు పుస్తకాలు చాలు. రోజువారీ జమ, ఖర్చులకు చిట్టా. మనిషి వారీగా అరువు, బాకీ రాసే ఆవర్జా. వచ్చిన సరుకు, పోయిన సరుకు తేలే నిల్వ పుస్తకం. కంప్యూటర్‌లో రాసినా, సెల్‌ఫోను యాప్‌లో రాసినా ఈ మూడింటి పనే జరుగుతుంది. ఏ పద్దతిలో రాశారన్నది ముఖ్యం కాదు, ఏ రోజు లెక్క ఆ రోజు రాశారా అన్నదే ముఖ్యం. రాత్రి అన్నానికి ముందు పది నిమిషాలు ఇందుకు కేటాయించుకుంటే నెలాఖరులో తల పట్టుకునే అవసరం రాదు.

ఇంటి ఖాతా, వ్యాపారం ఖాతా బ్యాంకులో వేర్వేరుగా ఉండాలి. యూపీఐ క్యూఆర్ పలకను వ్యాపారం ఖాతాకే అనుసంధానించాలి. సొంత ఖర్చులకు ప్రతి నెలా ఒకే తేదీన ఒక మొత్తాన్ని జీతంలా ఇంటి ఖాతాకు మార్చుకోవాలి. ఈ చిన్న కట్టుబాటు బ్యాంకు రుణం వేళ అక్కరకు వస్తుంది. 2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50 వేల రూపాయల వరకు, కిశోర్ కింద ఐదు లక్షల వరకు, తరుణ్ కింద పది లక్షల వరకు హామీ అడగని రుణాలున్నాయి. తరుణ్ రుణం సక్రమంగా తీర్చినవారికి 2024 నుంచి 20 లక్షల వరకు అవకాశం కల్పించారు. దర్జీలు, శిల్పులు, వడ్రంగులు తదితర 18 వృత్తులవారికి 2023 సెప్టెంబరులో పీఎం విశ్వకర్మ పథకం వచ్చింది. ఏ పథకమైనా మేనేజరు మొదట అడిగేది ఖాతా వివరమే. రాబడి మొత్తం నోట్ల రూపంలో చేతులు మారితే వ్యాపారం ఎంత బాగున్నా బ్యాంకుకు అది కనిపించదు.

సరుకు ఇచ్చాం.. డబ్బు ఏది?

ఇంటి నుంచి పనిచేసేవారిని అన్నింటికన్నా కుంగదీసేది బాకీ. చీరలు తీసుకున్న దుకాణదారు పండగ దాటాక ఇస్తానంటాడు, పండగ దాటాక పెళ్లిళ్ల సీజన్ అంటాడు. ఇచ్చిన సరుకుకు రశీదు లేకపోతే అడిగే నోరు కూడా లేవదు. ఈ ఇబ్బందికి చట్టంలో మందు ఉంది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం-2006 ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు తీసుకున్నవారు ఒప్పందంలో రాసుకున్న గడువులోగా చెల్లించాలి. ఆ గడువు 45 రోజులు మించరాదు. ఒప్పందమే లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీతో ఇవ్వాలి. ఇందుకు 2017 అక్టోబరులో సమాధాన్ పోర్టల్ ప్రారంభమైంది. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. కౌన్సిల్ దానిని విచారిస్తుంది.

ఈ రక్షణ కావాలంటే ముందుగా ఉద్యమ్ నమోదు ఉండాలి. 2020 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ నమోదు పూర్తిగా ఉచితం. ఆధార్ సంఖ్యతో ఇంటి నుంచే చేసుకోవచ్చు. ఇందుకు వేల రూపాయలు అడిగే దళారులను నమ్మనక్కరలేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి సవరించిన పరిమితుల ప్రకారం యంత్రాలపై పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవరు పది కోట్ల రూపాయలు మించనివన్నీ సూక్ష్మ సంస్థలే. ఒక్క మగ్గం ఉన్న ఇల్లూ ఆ లెక్కలోకి వస్తుంది. ఇక రెండో ఆధారం సంతకం. సరుకు పంపిన ప్రతిసారీ తేదీ, రకం, సంఖ్య, ధర రాసిన చలానా రెండు ప్రతులు తయారుచేసి, ఒకదానిపై తీసుకున్నవారి సంతకం చేయించుకోవాలి. కార్బన్ కాగితం పెట్టిన రశీదు పుస్తకానికి అయ్యే ఖర్చు స్వల్పం. అది లేక పోయే మొత్తం వేలల్లో ఉంటుంది.

పన్ను సంగతి

ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్మేవారికి ఏడాది టర్నోవరు 40 లక్షల రూపాయలు, సేవలందించేవారికి 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. అంతకు లోపు ఉన్న చిరు వ్యాపారులు రాష్ట్రం లోపలి ఖాతాదారులకు ఆన్‌లైన్ వేదికల ద్వారా సరుకు అమ్ముకోవడానికి 2023 అక్టోబరు 1 నుంచి వెసులుబాటు ఇచ్చారు. వారు పూర్తి నమోదుకు బదులు పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ సంఖ్య పొందితే సరిపోతుంది. ఇతర రాష్ట్రాలకు పంపేవారికి నిబంధనలు వేరుగా ఉన్నాయి. బళ్లారికో, బెంగళూరుకో పార్సిల్ కట్టే ముందు ఆడిటర్‌ను సంప్రదించడం మంచిది.

ఇంటి చిరునామాతో జీఎస్టీ నమోదుకు ఆటంకం లేదు. ఇల్లు తల్లిదండ్రుల పేరున ఉంటే వారి సమ్మతి పత్రం, కరెంటు బిల్లు లేదా ఇంటి పన్ను రశీదు జతచేయాలి. నమోదు పొందినవారు వాకిట బోర్డుపై జీఎస్టీ సంఖ్య రాయించి, సర్టిఫికెట్‌ను పనిచోట కనిపించేలా ఉంచాలి. లెక్కల పుస్తకాలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలని చట్టం చెబుతోంది. పచ్చళ్లు, పొడులు, అప్పడాలు వంటి తినుబండారాలు చేసేవారు ఎంత చిన్నవారైనా ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వద్ద నమోదు కావాలి. ఆ సంఖ్యను ప్యాకెట్టుపై ముద్రించాలి.

వరద నేర్పిన పాఠం

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నదులు పోటెత్తి కర్నూలు నగరాన్ని ముంచెత్తాయి. దుకాణాల్లో సరుకుతో పాటు దస్తావేజులు, ఖాతా పుస్తకాలు, కంప్యూటర్లు బురదపాలయ్యాయి. 2021 నవంబరు 19న రాజంపేట ప్రాంతంలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు తీర గ్రామాలపై విరుచుకుపడింది. ప్రాణాలు, ఇళ్లు పోయిన ఆ విషాదంలో బతికి బయటపడినవారు సైతం తామెవరో, తమకు ఉన్నదేమిటో నిరూపించుకునే కాగితాలను నీటికి వదులుకోవలసి వచ్చింది. కరవు సీమ అని పేరున్నంత మాత్రాన నీటి ముప్పు లేదనుకోవడం పొరపాటు. వరద రాని ఊళ్లో చెద ఉంటుంది. మట్టిగోడకు ఆనించిన కాగితాల కట్ట ఒక వానాకాలంలో పిండి అవుతుంది.

కనుక కాగితాలకు మూడు చోట్లు ఏర్పరచుకోవాలి. మొదటిది రోజూ తాకే ఫైళ్లకు బల్ల పక్కన అర. వచ్చిన ఆర్డర్లు, పంపిన చలానాలు, రావలసిన బాకీలు, కట్టవలసిన బిల్లులు అంటూ నాలుగు ఫైళ్లు పెట్టుకుని, ఒక్కో దానికి ఒక్కో రంగు అట్ట వేసుకుంటే చదువురాని పెద్దలు కూడా తీసి ఇవ్వగలుగుతారు. రెండోది నేల నుంచి కనీసం ఐదడుగుల ఎత్తులో ఇనుప పెట్టె. ఇంటి పత్రాలు, బ్యాంకు ఒప్పందాలు, సర్టిఫికెట్లను ప్లాస్టిక్ సంచిలో చుట్టి అందులో ఉంచాలి. మూడోది ఇంటి బయట. ప్రతి ముఖ్య పత్రాన్ని ఫొటో తీసి ఈ-మెయిల్‌లోనో, 2015లో కేంద్రం ప్రారంభించిన డిజిలాకర్‌లోనో దాచుకోవాలి. చిట్టా పుటలను నెలకొకసారి ఫొటో తీసి వేరే ఊళ్లో ఉన్న బంధువుకు పంపినా ఫలితం ఒకటే. ఒకే చోట ఉన్న కాగితం లేనట్టే లెక్క.

వెతుకులాటలో పోయే కాలాన్ని కూడా తక్కువగా అంచనా వేయరాదు. రశీదు కోసమో, ఫోను నంబరు కోసమో రోజుకు అరగంట వెతికితే 300 పని దినాలకు 150 గంటలు. ఎనిమిది గంటల దినాల్లో చెప్పాలంటే దాదాపు 19 రోజుల పని.

ఫోను ఒకటి, నంబరు రెండు

ఇంటి నంబరుకే ఆర్డర్లు వస్తుంటే పిల్లలు తీసి ‘అమ్మ లేదు’ అని పెట్టేస్తారు. రెండు సిమ్ములు పట్టే ఫోనులో ఒక నంబరును వ్యాపారానికే వాడుకోవాలి. వాట్సాప్ బిజినెస్‌లో సరుకుల ఫొటోలు, ధరలు, పనివేళలు పెట్టుకునే సౌకర్యం ఉంది. చీర ఫొటోను ఉదయపు వెలుతురులో, నీడపట్టున, తెల్లని దుప్పటిపై పరచి తీస్తే రంగు ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. రంగు తేడా వచ్చిందని తిరిగివచ్చే పార్సిళ్లు తగ్గుతాయి.

మోసాల పట్ల అప్రమత్తత అవసరం. డబ్బు రావడానికి పిన్ నొక్కవలసిన పని ఏనాడూ ఉండదు. పిన్ అడిగారంటే డబ్బు పోతోందని అర్థం. చెల్లించామంటూ చూపే స్క్రీన్‌షాట్‌ను నమ్మకుండా బ్యాంకు ఖాతాలో జమ అయిందో లేదో చూసుకున్నాకే సరుకు పంపాలి. మోసం జరిగిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే సొమ్మును నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.

ఇంటి వారితో ఒప్పందం

చోటు, బల్ల, లెక్క అన్నీ కుదిరినా ఇంటి వారి సహకారం కుదరకపోతే కార్యాలయం నిలవదు. ఈ భారం ఎక్కువగా మోసేది మహిళలే. ‘ఇంట్లోనే ఉన్నావు కదా’ అన్న ఒక్క మాటతో నీళ్లు పట్టడం, బంధువులకు కాఫీ పెట్టడం, పిల్లల్ని చూసుకోవడం అన్నీ ఆమె పనివేళల్లోకి చొరబడతాయి. దీనికి విరుగుడు గడియారమే. ఫలానా వేళ నుంచి ఫలానా వేళ వరకు పని అని పలక మీద రాసి వాకిట తగిలించాలి. అది వచ్చే ఖాతాదారుకు ఎంత అవసరమో, ఇంటిలోని వారికీ అంతే అవసరం. ఆ వేళల్లో ఆ మూల ఇంటిది కాదు, దుకాణానిది. అలాగే వేళ ముగిశాక పుస్తకం మూసి, బల్లపై గుడ్డ కప్పాలి. రాత్రి పదకొండుకు వచ్చే ఆర్డరుకు ఉదయం జవాబిస్తే కొంపలు మునగవు.

మరో ముఖ్య విషయం, వ్యాపారం ఎవరి పేరున ఉందన్నది. కుట్టేది భార్య, ఖాతా భర్త పేరున ఉంటే రుణ చరిత్ర, రాయితీ, గుర్తింపు ఏదీ ఆమెకు చెందదు. పనిచేసేవారి పేరునే ఉద్యమ్ నమోదు, బ్యాంకు ఖాతా ఉండటం న్యాయమే కాక ప్రయోజనకరం కూడా. మహిళా పారిశ్రామికులకు కొన్ని పథకాల్లో ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. వివరాలను జిల్లా పరిశ్రమల కేంద్రంలో తెలుసుకోవచ్చు.

మొదటి నెలలో చేయవలసినవి

మొదటి వారం: చోటు ఎంచుకుని బల్ల, దీపం, అర అమర్చుకోవాలి. ఇంట్లో చెల్లాచెదురుగా ఉన్న వ్యాపార కాగితాలన్నీ ఒకచోట చేర్చాలి.

రెండో వారం: వేరు బ్యాంకు ఖాతా, వేరు ఫోను నంబరు తీసుకోవాలి. చిట్టా, ఆవర్జా, నిల్వ పుస్తకాలు తెరవాలి. పాత బాకీలన్నీ గుర్తున్నంత వరకు ఆవర్జాకు ఎక్కించాలి.

మూడో వారం: ఉద్యమ్ నమోదు పూర్తిచేయాలి. తినుబండారాలైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదుకు దరఖాస్తు చేయాలి. విద్యుత్తు కేటగిరీ విషయం తేల్చుకోవాలి.

నాలుగో వారం: ముఖ్య పత్రాల ఫొటోలు తీసి భద్రపరచాలి. నెల లెక్క కట్టి గంటకు ఎంత మిగిలిందో చూసుకోవాలి. ఆ అంకెను బల్ల ఎదుట గోడపై రాసుకోవాలి.

వచ్చే నెల ఆ అంకె కింద మరో అంకె చేరుతుంది. పెరిగిందా, తగ్గిందా అన్నది ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. తరాలుగా ఈ నేల మీద పనివాడి చేతిలో మగ్గం ఉంది, సూది ఉంది, ఉలి ఉంది. లెక్క పుస్తకం మాత్రం మరొకరి గల్లాపెట్టె పక్కన ఉండేది. ఆ పుస్తకం ఇప్పుడు సొంత ఇంటి పడసాలకు చేరితే, ధర చెప్పే హక్కు దానితోపాటే వస్తుంది.